నవ్వు పట్టని టేకు

ఇంతవరకు నోరు విప్పి ఎవరితోనూ అనని మాట ఒకటుంది, అది ముందే రాసేస్తాను. మా అక్క గొంతు పోయిందని తెలిసిన పొద్దున నేను ఏడవలేదు. బాత్రూంలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, కొళాయి బార్లా తిప్పి, హీరోయిన్ డైలాగు ఒకటి అక్క గొంతుతో చెప్పి చూసుకున్నాను. బాగానే వచ్చింది. ఇంకోసారి చెప్పుకున్నాను.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. పాత హిందీ క్రైమ్ సినిమాల్ని తెలుగులోకి మార్చి చానళ్ళకి ఇచ్చే చిన్న డబ్బింగ్ థియేటర్లో ఇద్దరం పనిచేసేవాళ్ళం. అక్క హీరోయిన్ల గొంతు. నేను డైలాగులు రాసేదాన్ని. మధ్యమధ్యలో గుంపులో అరుపులకీ, శవాన్ని చూసి ట్రే కింద పడేసే పనిమనిషికీ గొంతిచ్చేదాన్ని. నా గొంతు సన్నం కాబట్టి నన్ను పిచ్చుక అంటారు. ఆ పేరు పెట్టింది కూడా అక్కే.

నాకు హిందీ ఎవరూ నేర్పలేదు. ఆ సినిమాలే నేర్పాయి. అందుకే ఇవాళ్టికీ ఆ భాషలో కిలో టమాటాలు కొనమంటే తెల్లమొహం వేస్తాను గానీ, "ఇంటిని నాలుగు వైపులా చుట్టుముట్టాం, లొంగిపో" అనమంటే తడుముకోకుండా అంటాను.

ఆ సినిమాల తీరు నాకు అరచేతి గీతల్లా తెలుసు. వాన మొదలైందంటే హత్య జరగబోతోందని లెక్క. హంతకుడి మొహం ముందు కనబడదు, బూట్లు కనబడతాయి. చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ముల్లో ఒకడు ఇన్‌స్పెక్టరయితే రెండోవాడు దొంగ కావాల్సిందే. పోలీసు జీపు అందరూ తన్నుకోవడం పూర్తయ్యాక వస్తుంది. నిజం తెలిసినవాడు ఇన్‌స్పెక్టరుకి ఫోను చేసి, "ఇది ఫోనులో చెప్పే విషయం కాదు, మీరు రండి" అంటాడు. ఇన్‌స్పెక్టరు వెళ్ళేసరికి వాడు కుర్చీలో వెన్నులో కత్తితో కూర్చుని ఉంటాడు. ప్రాణం కాస్త మిగిలి ఉంటే, "నన్ను పొడిచింది..." అంటాడు. పేరు మాత్రం చెప్పడు.

ఇంకొకామె ఉంటుంది. విలన్ క్లబ్బులో డాన్సరమ్మాయి. హీరో అంటే ప్రాణం ఆమెకి. హీరోకేమో హీరోయిన్ అంటే ప్రాణం. హీరోయిన్ని చూసినప్పుడల్లా ఆమె గ్లాసు పట్టుకున్న వేళ్ళు బిగుసుకుంటాయి. కెమెరా ఆ వేళ్ళ మీదికే వెళ్తుంది. చివరి రీలుకి ముందు రీల్లో హీరోకి తగలాల్సిన తూటాకి అడ్డం పడి, అతని ఒళ్ళో తల పెట్టుకుని చచ్చిపోతుంది. ప్రతిసారీ అంతే. జనం అయిదు నిమిషాల్లో మర్చిపోతారు.

నేను మర్చిపోయేదాన్ని కాదు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అక్క ఇంట్లోనే ఉండేదాన్ని. అక్క పాత చెప్పులే వేసుకునేదాన్ని. రాత పని మొత్తం నాది. తెర మీద మనిషి పెదవులు ఎన్నిసార్లు కదులుతాయో లెక్కపెట్టాలి. మూసుకున్న చోట ప, బ, మ పడాలి. కింది పెదవి పంటి కిందికి వెళ్తే వ. నోరు గుండ్రమైతే ఉ, ఒ. అలా ఒక్కో మాటా కుట్టుమిషను మీద కుట్టినట్టు కుట్టి ఇస్తే, అక్క వచ్చి, కాఫీ తాగి, కాగితం ఒక్కసారి చూసి, ఒకే టేకులో చెప్పేసి వెళ్ళేది. అందరూ అక్కని మెచ్చుకునేవాళ్ళు.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను. "అది నేను రాసిన మాటక్కా."

అక్క నా బుగ్గ గిల్లి నవ్వింది. "నువ్వు రాస్తే అది కాగితమే. నేను చెప్తేనే మాటవుతుంది."

సరదాకే అంది. అక్కకి మనసులో ఏమీ ఉండదు. అదే నాకు ఇంకా మంట. చెడ్డదైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని.

ఇక ఆ సినిమా. అందులో డాన్సరమ్మాయి పాత్ర నాకిస్తామని మాస్టారు, అంటే డబ్బింగ్ నడిపించే పెద్దాయన, రెండు నెలల ముందే మాటిచ్చారు. చావు సీను మూడు నిమిషాలు. ఎన్ని రోజులు అద్దం ముందు చచ్చానో నాకే తెలుసు. తీరా రికార్డింగ్ రోజు పొద్దున ఆయన గుమ్మంలోనే తల గోక్కుంటూ, "ఇదుగో పిచ్చుకా, చానల్ వాళ్ళు రెండు పాత్రలకీ మీ అక్క గొంతే కావాలంటున్నారమ్మా" అన్నారు.

అక్క నా భుజం మీద చెయ్యేసింది. "కాదనలేకపోయానే. వచ్చేసారి నువ్వే చచ్చిపోదువులే."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

మా థియేటర్లో ఒక ఆనవాయితీ ఉంది. చావు డైలాగు చెప్పినవాళ్ళు మైకు ముందు నుంచి అలాగే లేచి రాకూడదు. అక్కడే నిలబడి ఒకసారి గట్టిగా నవ్వాలి. ఆ నవ్వుని రికార్డు చేసి పక్కన పెడతారు. దాన్ని నవ్వు పట్టడం అంటారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. సౌండ్ చూసే ఆయన్ని అందరం బాబాయ్ అంటాం, ఆయన ఈ విషయంలో మాత్రం మహా మొండి. "మైకుకి చివరగా ఏది వినబడితే అది నిజం అనుకుంటుందర్రా. దానికి మన కథలు తెలియవు కదా" అనేవాడు. విలన్లేసే లావుపాటి ఆయన తొమ్మిదిసార్లు చచ్చి తొమ్మిదిసార్లు నవ్వి, చొక్కా సర్దుకుని ఇంటికి పోయేవాడు.

ఆ రోజు అక్క చావు సీను చెప్పింది. ఏం చెప్పిందనుకున్నారు. మైకు గది అద్దానికి ఇవతల నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను అద్దం ముందు రెండు నెలలు వెతికి దొరకని చావు, అక్క రెండు వేళ్ళతో కాగితం పట్టుకుని చచ్చేసింది. "చంపింది ఎవరో నాకు తెలుసు... అది..." అని ఆగిపోయిన చోట, గదిలో గాలి కూడా ఆగిపోయింది.

ఫోనొస్తే మాస్టారు బయటికెళ్ళారు. ఆయన వెనకే బాబాయ్ కూడా లేస్తూ నాతో, "నవ్వు పట్టు" అన్నాడు. నేను ఆయన కుర్చీలో కూర్చున్నాను. రికార్డు చేసే ఎర్రబటన్ నా వేలి కింద ఉంది.

అద్దం అవతల నుంచి అక్క అడిగింది. "ఒసేయ్... నవ్వనా?"

నేను లోపలికి మాట్లాడే మీట నొక్కి, "నవ్వేశావుగా అక్కా, టేకు చివర్లో. పట్టాను. వచ్చెయ్" అన్నాను.

"నవ్వానా? నాకే తెలియలేదే."

"ఆ చావులో మునిగిపోయావు మరి."

నేను చెప్పింది అబద్ధం. గొంతు పోవాలని కాదు... నిజంగా కాదు. ఆ ఆనవాయితీని నేను నమ్మను కూడా. అంత గొప్ప టేకులో ఒక్కటంటే ఒక్క లోటు ఉండాలనిపించింది. అది నాకొక్కదానికే తెలియాలనిపించింది. అంతే.

మర్నాటి పొద్దున అక్క లేచి పెద్దమ్మని పిలవబోయింది. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు.

బొంగురు కాదు, నొప్పి కాదు, వాపు కాదు. ముగ్గురు డాక్టర్లు నోరు తెరిపించి టార్చి వేసి చూసి గొంతు శుభ్రంగా ఉందన్నారు. పెద్దమ్మ మాత్రం, "ఎవరో లోపల చెయ్యి పెట్టి ఎత్తుకుపోయినట్టుందే" అంది. నేను పెద్దమ్మ వీపు నిమిరాను.

అక్కకి రావలసిన పాత్రలన్నీ నాకొచ్చాయి. నెల తిరక్కుండా వేరే గది చూసుకుని వచ్చేశాను. పదకొండు నెలలైంది. అక్కకి మెసేజీలు పెట్టాను గానీ ఒక్కసారి కూడా ఫోను చెయ్యలేదు. ఎవరైనా చేస్తే అక్క ఎత్తుతుందట. మాట్లాడదు, వింటుందట. ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోవడం నా వల్ల కాదనిపించేది.

ఇన్ని నెలల్లో నన్ను మెచ్చుకున్న ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు. "అచ్చం మీ అక్కలా చెప్పావు." గొంతు లేని మనిషి మీద అసూయ పడ్డదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నేనేమో.

మొన్న ఆ సినిమా మళ్ళీ వెనక్కొచ్చింది. చావు సీన్లో డాన్సరమ్మాయి ఒక హోటలు పేరు చెప్తుంది. ఆ పేరుతో ఎక్కడో నిజం హోటలు ఉందని చానల్ వాళ్ళకి భయం పట్టుకుంది. అది తీసేసి "పాత గోడౌన్‌కి వెళ్ళు" అని పెట్టమన్నారు. మూడు మాటలు. అక్క గొంతులో కలిసిపోవాలి.

"పది నిమిషాల పని" అన్నారు మాస్టారు, ఇంటి నుంచి ఫోనులో.

ఇవాళ పొద్దున పదకొండైంది. బయట ఎండ పెళపెళలాడుతోంది. మెట్ల మీద ఎవరిదో స్కూటరు స్టార్టవ్వక దగ్గుతోంది. నేను, బాబాయ్, అంతే. మైకు గది తలుపు నాలుగంగుళాల మందం. అది మూసుకుంటే స్కూటరూ లేదు, ఎండా లేదు. లోపల ఎప్పుడూ చీకటే. తెర వెలుగు, కాగితం మీద వంగిన చిన్న దీపం. గోడలకి అంటించిన స్పాంజి వాసన, తడిసి ఆరిన తివాచీ వాసన, మైకు మీది నల్లటి గుడ్డ తొడుగులోంచి ఎన్నేళ్ళవో ఎందరివో ఊపిర్ల పుల్లటి వాసన.

హెడ్‌ఫోను పెట్టుకున్నాను. చెవులు వెచ్చగా ఉన్నాయి. ఎవరో ఇప్పుడే తీసి పెట్టినట్టు.

"ముందు పాతది వినిపిస్తాను. చివర్లో నవ్వడం మర్చిపోకు" అన్నాడు బాబాయ్ హెడ్‌ఫోన్‌లోంచి.

తెర మీద వాన. తూటా. డాన్సరమ్మాయి పడింది. హీరో పరిగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క గొంతు నా రెండు చెవుల్లోకి వచ్చింది. పదకొండు నెలల తర్వాత. వింటూ నాకు కలిగింది బాధ అనుకున్నాను. కాదు. ఆ టేకు ఇంకా నాకంటే బాగుంది.

"చంపింది ఎవరో నాకు తెలుసు... అది..."

తల వాలిపోయింది. హీరో ఆమె కళ్ళు మూశాడు. అక్కడితో అక్క గొంతు అయిపోవాలి.

ఊపిరి వినబడింది.

సన్నగా... లోపలికి... బయటికి. మైకుకి బాగా దగ్గరగా నిలబడినవాళ్ళ ఊపిరి.

"బాబాయ్, చివర్లో ఊపిరి తీసెయ్యలేదే?"

"ఏ ఊపిరి? ఇక్కడ శబ్దం గీత సాఫుగా ఉంది."

"వినబడుతోంది."

"నీదేనేమో."

నేను ఊపిరి బిగబట్టి చూశాను. అది ఆగలేదు.

పని ముగించుకుని పోదామనుకున్నాను. మళ్ళీ వేయమన్నాను. వాన, తూటా, ఒళ్ళో తల. "పాత గోడౌన్‌కి వెళ్ళు" అని చెప్పాను. సరిగ్గా అతికింది. నాకే తేడా తెలియలేదు. ఆ సంతోషంలో తెర మీంచి చూపు తిప్పలేదు. తిప్పి ఉంటే బాగుండేది.

ఆ షాట్లో పెదవుల కదలికలు పదకొండు. లెక్కపెట్టింది నేను, రాసింది నేను. పదకొండోది "అది" దగ్గర తెరుచుకుని ఆగిపోతుంది.

ఆమె కళ్ళు మూసే ఉన్నాయి. హీరో చెయ్యి ఆమె నుదుటి మీదే ఉంది. పెదవులు కదిలాయి.

ముందు మూసుకున్నాయి. పక్కలకి సాగాయి. సున్నాలా ముడుచుకున్నాయి. తెరుచుకున్నాయి.

పెదవులు చదవడం నా వృత్తి. ఇంకెవరికైనా అది అర్థం కాకపోయేదేమో. ప మీద మూసుకుని, ఇ మీద సాగి, చు మీద ముడుచుకుని, క మీద తెరుచుకున్నాయి.

పిచ్చుక.

ఆ సినిమాల్లో చచ్చేవాళ్ళు పేరు చెప్పరు. ఎప్పుడూ చెప్పరు.

"బాబాయ్... ఆపు."

అద్దం అవతల ఆయన తల వంచుకుని ఏదో వెతుక్కుంటున్నాడు. "బాబాయ్, వెయ్యొద్దు, ఆపు."

ఆయన తలెత్తాడు. "నీ మాటలవగానే బొమ్మ ఆపేశాను కదమ్మా. ఫైలు వెతుకుతున్నా."

తెర వైపు చూడలేదు. దీపం కింద కాగితాన్నే చూశాను. అప్పుడు హెడ్‌ఫోన్‌లో ఊపిరి ఆగింది. ఎవరో మాట్లాడబోయే ముందు ఆగినట్టు.

"ఒసేయ్..."

ఎంత నెమ్మదిగా అంటే... పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతుంటే మాట్లాడినట్టు.

"...నవ్వనా?"

అప్పుడు నిజం చెప్పెయ్యొచ్చు. ఒక్క మాట. నవ్వక్కా, నేను పట్టలేదు, ఇప్పుడు నవ్వు. అంతే చాలు. నా నాలుక మీదికి అదే వస్తుందనుకున్నాను.

"నవ్వేశావుగా అక్కా" అన్నాను. "పట్టాను. వచ్చెయ్."

అదే మాట, అదే గొంతుతో, అంతే తేలిగ్గా. నా నోరు దానంతటదే అంది.

దీపం ఆరిపోయింది.

చీకట్లో నా ఎడమ వైపు తివాచీ మీద ఒక అడుగు పడింది. మైకు ముందు నించునే చోట. నన్ను కాస్త జరగమన్నట్టు భుజానికి భుజం తగిలింది. చల్లగా లేదు. వెచ్చగా ఉంది. అక్క వాడే పౌడరు వాసన... హెడ్‌ఫోను లాగి పారేశాను. తలుపు ఎక్కడుందో తెలియలేదు. స్పాంజి గోడ, స్పాంజి గోడ, మళ్ళీ స్పాంజి గోడ. గొళ్ళెం చేతికి దొరికింది. లాగాను.

ఎండ. స్కూటరు దగ్గు. బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"ఏమైందే? ఆ మొహమేంటి?"

నేను గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. ఆయన నీళ్ళ సీసా ఇచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు. "పని బాగానే అయిందిలే. అచ్చం మీ అక్కే. నవ్వు కూడా పట్టాను."

"నేను నవ్వలేదు బాబాయ్."

"ఇదుగో."

వినిపించాడు. నా మూడు మాటలు. కాసేపు ఖాళీ, ఆ తర్వాత నేనన్న మాటలేవీ అందులో లేవు. తలుపు తెరిచిన చప్పుడు. నా చెప్పులు టపటపమంటూ దూరమైన చప్పుడు. ఆ తర్వాత నవ్వు. నాలుగు సెకన్లు. సన్నటి గొంతు, పిచ్చుక గొంతు. నాదే. అనుమానం లేదు.

తలుపు చప్పుడు ముందు, నవ్వు తర్వాత.

బాబాయ్ వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు. మూడోసారి వినలేదు. బటన్ మీంచి వేలు తీసేసి, మైకు గది వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజు... మీ అక్క నవ్వు నువ్వే కదూ పట్టింది? ఎక్కడ పెట్టావు? నాకెప్పుడూ కనబడలేదే."

నేను నీళ్ళు తాగాను.

ఇంటికొచ్చాక బాత్రూంలో కొళాయి తిప్పి అక్క గొంతుతో ఒక డైలాగు చెప్పబోయాను. రాలేదు. నా గొంతుతో చెప్పాను, వచ్చింది. నవ్వబోయాను. నోరు తెరుచుకుంది, పళ్ళు కనబడ్డాయి, చప్పుడు రాలేదు. మాట ఇంకా ఉంది. ఎంతసేపుంటుందో తెలియదు.

రేపు నేరుగా వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర కూర్చుని చెప్దామని మొదట అనుకున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చినంత పనైంది... రాలేదు గానీ. "ఇది ఫోనులో చెప్పే విషయం కాదు" అన్నవాళ్ళెవరూ ఆ సినిమాల్లో నిజం చెప్పేదాకా బతకరు. అలాంటి డైలాగులు నా చేత్తో నేనే ఎన్ని రాశాను.

చెప్పేస్తే ఆ మైకు ముందుకి మళ్ళీ అక్క వస్తుంది. నేను మళ్ళీ ట్రే కింద పడేసే పనిమనిషినవుతాను. ఇప్పటికీ అది తలుచుకుంటే ఎక్కడో గుచ్చుకుంటోంది, దాచడమెందుకు. అయినా సరే.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. వెలిగించక ముందు, ఆ నల్లటి అద్దంలో నా మొహం కనబడింది. నేనేమీ అనడం లేదు. పళ్ళు బిగించుకునే కూర్చున్నాను. అద్దంలో మాత్రం నా నోరు కొంచెం తెరుచుకుంది. కింది పెదవి పంటి కిందికి వెళ్ళి వచ్చింది. మళ్ళీ తెరుచుకుంది. నవ్వనా అని అడిగేవాళ్ళ నోరు ఎలా కదులుతుందో, అలా.

అక్క ఎత్తుతుంది. మాట్లాడదు, వింటుంది. నేను "అది..." అంటూ సాగదియ్యను. పేరుతోనే మొదలుపెడతాను, నా పేరుతో. తర్వాత నవ్వమంటాను.

చేస్తున్నాను.